గడ్డిలోది కూసిన సోమవారం

స్కారసే దీవిలో ఉన్న ఒకే ఒక్క రోడ్డు మీద, చర్చి గోడ దాటాక వచ్చే మలుపులో, మర్డీనా మెక్‌కూయిష్ వ్యానూ టార్క్విల్ మెక్‌ఫేల్ ట్రాక్టరూ ముక్కు ముక్కు రాసుకునేంత దగ్గరగా ఆగిపోయాయి. వ్యాను ఒకప్పుడు పోస్టాఫీసుది. ఎర్ర రంగు వెలిసి, ఉప్పుగాలికి అంచులు తినేసి, ఇప్పుడు ఉడికించిన పీత రంగులో ఉంది. ట్రాక్టరు వెనక గడ్డి కోసే యంత్రం పళ్ళు బయటపెట్టుకుని వేలాడుతోంది. రెండింటి పక్కనే టార్క్విల్ గడ్డిచేను గేటు. వ్యాను సరిగ్గా గేటుకు అడ్డంగా ఆగింది.

ఆ దీవిలో రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. అందుకే అక్కడక్కడా తెల్లపలక పాతి, కాస్త వెడల్పు చేసి, తప్పుకునే చోట్లు పెట్టారు. ఎదురుబొదురు వస్తే పలక ఎవరికి దగ్గరో వాళ్ళే వెనక్కి తీయాలి. దాటి పోయేవాడు స్టీరింగు మీది నుంచి చూపుడువేలు ఒక్కటి ఎత్తాలి. దేశాలు ఎన్ని తిరిగినా ఇంత పొదుపైన నమస్కారం ఇంకెక్కడా కనపడదు. పొలం గట్టు తగాదా పడ్డవాళ్ళూ ఎత్తుతారు, కోర్టుకెక్కినవాళ్ళూ ఎత్తుతారు. టార్క్విల్, మర్డీనా మాత్రం ఆవు దూడ చచ్చిన వేసవి నుంచి ఒకరికొకరు ఆ వేలు కూడా ఎత్తుకోలేదు.

“ఎనక్కి తియ్యవే. పలక నీ ఎనకే ఉంది,” అన్నాడు టార్క్విల్ ఇంజను మోతకు పైన అరుస్తూ.

“కనపడుతోందిలే. కళ్ళున్నాయి నాకు.”

“ఉంటే తియ్యి.”

“నువ్వు ముందు ఆ దరిద్రం ఆపు. చెవులు పోతున్నాయి.”

“నీ చెవులు పోతే దీవికి పట్టిన పీడ పోద్ది.”

ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఏళ్ళు డెబ్భై దాటినా ‘ఏరా’లూ ‘ఏమే’లూ వదల్లేదు. మర్డీనా వ్యాను దిగలేదు, వెనక్కీ తీయలేదు. పక్క సీటులో ఉన్న కాగితం మీద చేయి పెట్టుకుని, అద్దం కిందికి దించి, చేను వైపు చెవి తిప్పింది. ఆమె అక్కడికి వచ్చింది టార్క్విల్ మొహం చూడ్డానికి కాదు. ఆ గడ్డిలో ఒక పిట్ట ఉంది. దాని కూత వినడానికి వచ్చింది.

మర్డీనాకు కోపం పుట్టుకతో వచ్చిందంటారు దీవివాళ్ళు. తండ్రి రొయ్యల బుట్టలు వేసేవాడు. వాన వస్తుందో రాదో ఆకాశం చూసి కాదు, సముద్రపు కాకులు ఏ వైపు కూర్చున్నాయో చూసి చెప్పేవాడు. ఆ చూపు కూతురికి వచ్చింది. ఉత్తరాలు పంచే పని వచ్చాక మొదట కాలినడకన, తర్వాత సైకిలు మీద, ఆఖర్న ఈ వ్యానులో దీవి కొస నుంచి కొసకు తిరిగింది. ఏ ఇంటికి ఏ ఉత్తరమో ఎంత బాగా తెలుసో, ఏ ఇంటి గోడ సందులో ఏ పిట్ట గూడు పెట్టిందో అంత బాగా తెలుసు. ఉత్తరం అందుకోవడానికి బయటికి వచ్చినవాళ్ళు పిట్టను బెదరగొడితే ఉత్తరం చేతికివ్వకుండా నేల మీద పడేసి పోయేది. ఒకసారి చర్చి పాదిరీకి కూడా అట్లాగే పడేసింది.

ఏ పిట్ట, ఏ రోజు, ఎక్కడ, ఎన్ని అని రాసిపెట్టడం ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. తనే మొదలుపెట్టింది. తర్వాతెప్పుడో పట్నంలో పిట్టల సంఘంవాళ్ళకు తెలిసి, దీవి లెక్క ఇక నువ్వే రాయమన్నారు. తన తప్పు తనే కొట్టేసుకునే మనిషి. ఒక తుఫాను మర్నాడు పాదిరీ గారి పొగగొట్టం మీద పసుపుపచ్చ పిట్ట కనపడితే, ఎక్కడో ఖండం మీద నుంచి గాలికి కొట్టుకొచ్చిన అరుదైన జాతి అని రాసేసింది. వారం తిరక్కుండా పాదిరీ భార్య ఇల్లిల్లూ తిరిగి, మా పంజరంలో పిట్ట ఎగిరిపోయింది చూశారా అని అడిగింది. మర్డీనా ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన ‘నా తెలివితక్కువ’ అని రాసి అట్లాగే పంపింది. నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకుంది. ఆదివారం రాయదు. ఆ దీవిలో ఆదివారమంటే పిల్లల ఊయలకు కూడా గొలుసు బిగించి తాళం వేస్తారు, ఉతికిన బట్ట తీగ మీద వేయరు, బంగాళాదుంపలు శనివారమే ఒలిచి నీళ్ళలో వేసుకుంటారు. పిట్ట కనపడితే చూడొచ్చు, దేవుడు చేసిందే కదా. రాయడం మాత్రం పని. అందుకని రాయకూడని రోజు విన్నది విననట్టే లెక్క. ఒక చలికాలం ఆదివారం తెల్లగుడ్లగూబ ఒకటి చర్చి గోడ మీద వాలి, ప్రార్థన అయ్యేదాకా కూర్చుంది. దీవి మొత్తం చూసింది. సోమవారం పొద్దున్నకి లేదు. ఆమె రాయలేదు. పిచ్చిదానివన్నారు అందరూ. “చేసింది సరిగ్గా చేశావు,” అన్నవాడు ఒక్క టార్క్విలే. అతను చర్చిలో పెద్ద; కీర్తన ఎత్తేవాడు కూడా.

కూత విషయంలోనూ ఆమెకు ఒక నిబంధన ఉంది. ఆ పిట్టను ఇంగ్లీషువాళ్ళు కార్న్‌క్రేక్ అంటారు. దీవిలో పేరు పెట్టి పిలవరు, ‘గడ్డిలోది’ అంటారు. కంటికి కనపడదు. ఎండు కొబ్బరి మీద కోరాము వరసగా రెండుసార్లు గీసినట్టుంటుంది దాని కూత. ఒక్కసారి గీస్తే లెక్క కాదు. తుప్పు పట్టిన గేటు కూడా అట్లాగే కీచుమంటుంది. రెండు గీతలు పడితేనే పిట్ట. ఆ నిబంధన మీద ఎంతమంది చెప్పిన కబుర్లో చెత్తలో పడేసింది. చర్చి పాదిరీ చెప్పింది కూడా.

మర్డీనా చిన్నప్పుడు ఆ గడ్డిలోది దీవి నిండా ఉండేది. రాత్రి నిద్ర పట్టనిచ్చేది కాదని తిట్టుకునేవాళ్ళు. కొడవళ్ళతో కోసినంత కాలం మెల్లగా పక్కకు నడిచిపోయేది. యంత్రాలు వచ్చాక చేను అంచుల చుట్టూ కోసుకుంటూ నడిమికి రావడం అలవాటైంది. పిట్ట పిల్లలతో సహా నడిమికి, ఇంకా నడిమికి జరుగుతుంది. ఆఖరి చుట్టులో ఏం జరుగుతుందో కోసినవాడికి తెలుసు. నడిమి నుంచి మొదలుపెట్టి బయటికి కోస్తే పిల్లలన్నీ అంచుకు నడిచిపోతాయి. డీజిల్ అంతే, శ్రమ అంతే. కానీ నాన్న కోసినట్టు కొయ్యాలనే మొండితనానికి మందు లేదు.

ఎన్నో ఏళ్ళు వినపడక, ఒక వేసవి అది టార్క్విల్ చేనులో కూసింది. బుధవారం. రెండు గీతలు. మర్డీనా చోటు పేరుతో సహా రాసి పంపింది. చోటు అచ్చు వేయొద్దని కింద ఇంకో ముక్క రాసింది. వాళ్ళు అచ్చు వేశారు. ఇక వచ్చారు జనం. పిట్టను చూడాలని కాదు, చూశానని చెప్పుకోవాలని వచ్చే జాతి అది. పడవ దిగి, రోడ్డుకు అడ్డంగా కార్లు పెట్టి, కూత రికార్డు చేసిన పెట్టెలు చేత పట్టుకుని చేనంతా తొక్కారు. పెట్టె కూస్తుంటే తన చోటుకు ఇంకో పోతు వచ్చిందనుకుని పిట్ట పగలూ రాత్రీ వెతికి వెతికి, ఒకరోజు లేచి వెళ్ళిపోయింది. వాళ్ళు వదిలేసిన గేటులోంచి టార్క్విల్ ఎర్ర దూడ బయటికి వచ్చి బురదనేలలో దిగబడి చచ్చింది. తాడు కట్టి లాగుతుంటే కూడా ఎవడో ఫోటో తీశాడు.

రేవు దగ్గర అందరి ముందూ టార్క్విల్ ఆమెతో అన్నది ఒక్క మాటే: “నీ చేత్తో తోశావు దాన్ని.” నా నేల అంచు కూడా తొక్కొద్దన్నాడు. తొక్కనులే, చర్చికి తప్ప ఈ దిక్కుకే రానంది ఆమె. పట్నం సంఘానికి ఆమె రాసిన తిట్ల ఉత్తరం ముద్దగా నలిపి మళ్ళీ విప్పినట్టుగా ఉండిందట. జవాబు మర్యాదగా వచ్చింది. మర్యాదగా వచ్చిన జవాబంత ఒళ్ళు మండించేది ఇంకొకటి లేదు.

ఈ ఏడు మే నెల నుంచి అది మళ్ళీ కూస్తోంది. ప్రతి ఆదివారం, చర్చి గోడ అవతలి నుంచి. టార్క్విల్ కీర్తన మొదటి వరస ఎత్తి ఊపిరి తీసుకునే సందులో కర్ర్ కర్ర్‌మంటుంది. పిప్పరమెంట్లు చప్పరిస్తున్న ముసలమ్మలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. టార్క్విల్ గొంతు పెంచుతాడు. అదీ పెంచుతుంది. ఆదివారం గనక ఎవరూ మాట్లాడరు. సోమవారం ఆ ఇద్దరి పగ గనక ఎవరూ మాట్లాడరు. మర్డీనా పంతం కొద్దీ మామూలు రోజున ఈ వైపు రాలేదు.

కిందటి వారం కాగితం వచ్చింది. దీవి పిట్టలన్నీ ఒక పుస్తకంగా వేస్తున్నారు. ఆఖరిసారి చూసి, దిద్దుబాట్లుంటే ఈ సోమవారం మధ్యాహ్నం పడవకు పంపమన్నారు. అందులో గడ్డిలోదాని ఎదురుగా ఉంది: ఒకప్పుడు గూడు కట్టేది, ఇప్పుడు దీవిలో లేదు.

లేదు. ఆ రెండక్షరాలు చూసినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించలేదు. ఓట్స్ జావ కుండలోనే గడ్డకట్టింది. పంతం గూట్లో పెట్టి, పెన్సిల్ చెక్కుకుని, రేవుకు పోతూ దారిలో గేటు దగ్గర ఆగి ఒక్కసారి వింటే చాలనుకుంది. ఎదురుగా ఈ ట్రాక్టరు.

“ఇవాళ కోస్తావా?” అంది.

“ఎండ కాస్తోంది. గడ్డి నాది. ఎవర్నడగాలి?”

“లోపల పిల్లలున్నాయిరా.”

“నీకెవరు చెప్పారు?”

“నువ్వే. నిన్న కీర్తన ఎత్తి గోడ వైపు గుడ్లురిమి చూశావు.”

టార్క్విల్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

“నడిమి నుంచి కోస్తావా, అంచుల నుంచా?”

“అంచుల నుంచే.”

వ్యాను తలుపు తీసుకుని దిగింది మర్డీనా. మనిషి పొట్టి, ట్రాక్టరు చక్రం భుజానికి వచ్చింది. “తెలిసే చేస్తున్నావన్నమాట.”

“తెలిసే. ఇవాళ పడవకు నీ కాగితం పోద్ది. నువ్వు ఉందని రాస్తావు. వాళ్ళు పెట్టెలేసుకుని దిగుతారు. నెల రోజులు పీక్కు తిని చంపే బదులు, నాది ఒక్క పొద్దుటి పని. నీ పిట్టకు నేనే నయం.”

ఆ మాట తప్పయితే మర్డీనా తిట్టి పోయేది. తప్పు కాకపోవడమే భరించలేకపోయింది.

ట్రాక్టరు వెనక నుంచి హారన్ మోగింది. డోలీనా సరుకుల వ్యాను. ఇంటింటికీ రొట్టెలూ పాలూ అమ్ముకుంటూ, ఇంటింటి కబుర్లూ పట్టుకుపోయే మనిషి. ఇద్దరికీ ఏదో వరసలో చుట్టం. కాసేపు చూసి, వీళ్ళు కదలరని తేలాక, ఒక తీపి రొట్టె కొరుక్కుంటూ దిగి వచ్చింది.

“ఏం బాబాయ్, అత్తను తొక్కేస్తావా ఏంటి?”

“దాన్ని తొక్కితే నా టైరు పంచరవుద్ది.”

“అత్తా, నీకు పడవ టైమయింది. నన్నన్నా పోనియ్యి. నా పాలు ఇరిగిపోతే మీ ఇద్దరి నెత్తినా పోస్తా.”

“నోరు ముయ్యి డోలీనా,” అన్నారిద్దరూ ఒకేసారి. ఆవు దూడ చచ్చాక ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

అప్పుడు టార్క్విల్ ట్రాక్టరు మీది నుంచి వంగాడు. ఇంజను మోతలో ఆమెకే వినపడేట్టుగా అన్నాడు. “ఒక పని చెయ్యి. వినకుండా ఎళ్ళిపో. ఈ చేను ఆగస్టు ఆఖరు దాకా ముట్టను. ముట్టినప్పుడు నడిమి నుంచి బయటికే కోస్తా.”

“లేదని అచ్చేస్తారురా. ఉన్నదాన్ని లేదని.”

“దానికి చదవడం రాదులే.”

“నాకు వచ్చు. నా పేరుంటుంది ఆ పుస్తకంలో. నా చేత అబద్ధం ఆడిస్తావా?”

“ఆడమన్లా. వినొద్దన్నా. ఇప్పటిదాకా విన్నవన్నీ ఆదివారాలే గదా. నీ లెక్కలో అవి లేవు. ఇవాళ వినకపోతే నువ్వు రాసేదేముంది? చట్టం నాది కాదు, నీదే.”

తన కట్టుబాటే తిప్పి తన మీదికి విసిరాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు ఆమెకు. అచ్చు వేసినవాళ్ళ మీదనా, తొక్కినవాళ్ళ మీదనా, ఈ మొండి వెధవ మీదనా. మే నెలలోనే ఒక మంగళవారం వచ్చి గేటు దగ్గర నిలబడని తన కాళ్ళ మీదనా. కోపానికి ఒకే మనిషి దొరికితే సుఖం. ఇంతమంది వరసలో నిలబడితే ఎవర్ని ముందు కొట్టాలో తెలియక చేయి గాల్లో ఉండిపోతుంది.

“మాటేనా?” అంది చివరికి.

“నేను ఒట్లు పెట్టనని తెలుసుగా. అవునంటే అవును.”

“నువ్వు అవునన్నవి చాలా విన్నాను. చర్చి కప్పు బాగు చేయిస్తానన్నావు. ఇంకా నా నెత్తిన కారుతోంది.”

“నీ నెత్తిన కారాలనే ఆపాను.”

ఆ మాట పూర్తవుతుండగా ట్రాక్టరు రెండుసార్లు దగ్గి, ఒక నల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. పాత ఇంజను, వేడెక్కితే ఆగుతుంది, చల్లారేదాకా మళ్ళీ పుట్టదు. టార్క్విల్ తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదు.

ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది. గాలికి గడ్డి ఒక పక్కకు ఒరిగి లేచింది. దూరాన గొర్రె ఒకటి. డోలీనా నోట్లో రొట్టె నమలడం ఆపింది. ముగ్గురూ గేటు వైపు చూశారు. ఎవరు వద్దన్నా, ఎవరు కావాలన్నా, ఇప్పుడిక చెవులు మూసుకునే వీలు లేదు.

కర్ర్, అంది గడ్డి.

ఒక్కటి. మర్డీనా చేయి తెలియకుండానే పెన్సిల్ మీదికి పోయింది. రెండోది పడేలోపు, ట్రాక్టరు సీటులో నిలబడి, గొంతు నరాలు ఉబ్బేలా, టార్క్విల్ కీర్తన ఎత్తాడు. సోమవారం పూట, డీజిల్ వాసనలో, తల మీద టోపీతో. ఆ గొంతు కొండకు తగిలి తిరిగి వచ్చింది. పక్కనున్న గొర్రెలు పరిగెత్తాయి.

ఆ దీవిలో కీర్తన పాడే పద్ధతి వేరు. పుస్తకాలు చూసి అందరూ కలిసి పాడరు. పెద్ద ఒక్కడే ఒక వరస ఎత్తి ఇస్తాడు; జనం దాన్ని అందుకుని, ఎవరి గమకం వాళ్ళు తిప్పుతూ, అల మీద అల పడ్డట్టు సాగదీస్తారు. వాళ్ళు సాగదీస్తుంటే అతను ఊపిరి తీసుకుని తర్వాతి వరస ఎత్తుతాడు. ఎత్తిన వరసను ఎవరూ అందుకోకుండా వదిలేయడం ఆ చర్చిలో ఎన్నడూ జరగలేదు. అందుకోకపోతే అతను ఆగాలి. ఆగితే నిశ్శబ్దం. నిశ్శబ్దంలో రెండో గీత, మూడో గీత, కావలసినన్ని.

టార్క్విల్ వరస చివరికి వచ్చాడు. మొహం కందగడ్డయింది. ఊపిరి ఇక లేదు. కళ్ళు డోలీనా మీదికి పోయాయి. డోలీనా నోటి నిండా రొట్టె. కళ్ళు మర్డీనా మీదికి వచ్చాయి.

ఆమె చేయవలసిందేమీ లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. పెన్సిల్ చేతిలో ఉంది. ‘లేదు’ మీద ఒక గీత కొడితే, ఇన్నేళ్ళ లెక్క సరిగ్గా ఉంటుంది. ఒక్క గీత తక్కువలో ఉంది ఆమె నిజం.

గడ్డి మళ్ళీ ఒక పక్కకు ఒరిగింది. ఈసారి గాలి లేదు.

మర్డీనా అందుకుంది.

ఆమె గొంతు బాగుంటుందని ఎవరూ ఎన్నడూ అనలేదు. ఆ రోజు అది గొంతు కాదు, కోపం. ఆ వరసను పట్టుకుని, టార్క్విల్ ఎత్తిన దానికి రెట్టింపు ఎత్తుకు తీసుకుపోయి, చేను మీదుగా, గోడ మీదుగా విసిరింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు. దాని కింద గడ్డిలోది కూసిందో లేదో ఎవరికీ తెలియదు. టార్క్విల్ ఊపిరి తీసుకుని రెండో వరస ఎత్తాడు. ఆమె మళ్ళీ అందుకుంది. డోలీనా మింగేసి కలిసింది.

పాడుతూనే వ్యానులోంచి కాగితం తీసింది మర్డీనా. దిద్దలేదు. మడిచి డోలీనా కోటు జేబులో కుక్కి, పెన్సిల్‌తో రేవు వైపు చూపించింది. వ్యాను వెనక్కి తీసుకుపోతానన్నట్టు డోలీనా తల ఊపింది. ఎందుకో ఆమెకూ గొంతు ఆపాలనిపించలేదు. తర్వాత మర్డీనా తన వ్యాను తాళం పీకి, తలుపులన్నీ లోపల నొక్కి మూసి, ఆ తాళం స్వెట్టరు కింద ఎక్కడో వేసుకుంది. వ్యాను గేటుకు అడ్డంగా ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇక యంత్రం చేనులోకి పోదని టార్క్విల్‌కు అప్పుడర్థమయింది. కళ్ళు పెద్దవి చేసి, ఒక చేత్తో వ్యానునూ ఇంకో చేత్తో ట్రాక్టరునూ చూపించాడు. మాటగా అడగడానికి లేదు. ఎత్తిన వరస మధ్యలో ఆపితే నిశ్శబ్దం పడుతుంది, ఆమె ఇంకా వినపడేంత దూరంలోనే ఉంది.

మర్డీనా రోడ్డు వదిలి, కొండ మీదికి పోయే గొర్రెల బాట పట్టింది. ఇంటికి అటు దూరం ఎక్కువ. చేను నుంచి మాత్రం త్వరగా దూరమవుతుంది. పోతూ పోతూ తన వరస తను పాడుతూనే ఉంది, ఒక్కో మాటనూ రాళ్ళు విసిరినట్టు విసురుతూ. కింద టార్క్విల్ కీర్తన అయిపోయి ఇంకొకటి మొదలుపెట్టాడు. నిలబడే, స్టీరింగు మీది చేతిలోంచి చూపుడువేలు ఒక్కటి ఎత్తాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.